కారణం ఒక్కటే... మాటలే మూడు!

బడికి సెలవుచీటీ రాయమంటే పిల్లాడు మొదలెడతాడు... 'ద రీజన్ వై ఐ వజ్ యాబ్సెంట్ ఈజ్ బికాజ్ ఆఫ్ ఫీవర్' అని. వచ్చింది ఒక్క జ్వరం. దాన్ని మోసుకురావడానికి రీజన్, వై, బికాజ్... ముగ్గురు బయల్దేరారు! 'ఐ వజ్ యాబ్సెంట్ బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్' అంటే సరిపోయేది.

పిల్లాణ్ని అనడానికీ లేదు. 'ఎందుకంటే ఒంట్లో బాగోలేదు కాబట్టి' అని రెండువైపులా ముడేయందే తెలుగువాళ్లకు తృప్తి ఉండదు. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వెళ్తుంది. 'యాజ్ ఇట్ వజ్ రెయినింగ్, సో ఐ డిడ్ నాట్ కమ్' అనేస్తారు. యాజ్ ఉంటే సో దండగ.

అలాగని ఇది తెలుగువాళ్లకే అంటిన జబ్బు కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం ఓ చిన్న పుస్తకం అచ్చువేయించుకున్నాడు. అక్కర్లేని మాటలు కొట్టేయమన్నాడందులో. 1948లో బ్రిటన్‌లో ఎర్నెస్ట్ గోవర్స్ ప్రభుత్వోద్యోగుల కోసమే 'ప్లెయిన్ వర్డ్స్' రాశాడు. (ఇక్కడి ఆఫీసుల దాకా అది వచ్చినట్టు లేదు!) మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్లేమో 'రీజన్ ఈజ్ బికాజ్' తప్పేమీ కాదంటారు. నిజమే, మాటల్లో దొర్లితే ఎవరూ పట్టించుకోరు.

కాగితం మీదే చిక్కు. డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్న అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు రాస్తోందనుకోండి. ఆ ఏడాదంతా మంచాన పడ్డ అమ్మను చూసుకుంది. కానీ రాసేది మాత్రం 'డ్యూ టు ద రీజన్ దట్ బికాజ్ ఆఫ్ సర్టెన్ ఫ్యామిలీ సర్కమ్‌స్టాన్సెస్...' అని. చదివే అధికారికి ఏమనిపిస్తుంది? ఏదో దాస్తోందనే! పాపం, దాచడానికేముంది? అమ్మ జబ్బు సంగతి పరాయివాళ్లకు చెప్పుకోలేక మాటల్ని అడ్డుపెట్టుకుంది, అంతే. 'ఐ స్టేయ్‌డ్ హోమ్ ఫర్ ఎ ఇయర్ బికాజ్ మై మదర్ వజ్ ఇల్' అని రాస్తే మరీ చిన్నపిల్లల వాక్యంలా ఉంటుందని ఆమె భయం. ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగే పని లేకుండా చేసేది ఆ వాక్యమే.

దరఖాస్తు పంపేముందు పెన్సిల్ తీసుకుని రీజన్, వై, బికాజ్, డ్యూ టు... కనిపించినచోటల్లా సున్నా చుట్టించండి. ఒక వాక్యంలో రెండు సున్నాలుంటే ఒకటి కొట్టేసి చదవమనండి. 'రీజన్' ఉండాల్సిందేనని పట్టుబడితే 'ద రీజన్ ఈజ్ దట్' అని రాసుకోవచ్చు. అక్కడ బికాజ్‌కు పనిలేదు.