ఆటిజం ఉన్న పిల్లలు – ఇంటి తెలుగు

ఈసారి పాఠ్యపుస్తకాల సంగతి కాదు. నా వల్ల జరిగిన ఒక పొరపాటును గురించి, దానిని దిద్దుకొనే ప్రయత్నంలో నాకు దొరికిన సహాయాలను గురించి వ్రాస్తున్నాను. ఇది మీలో కొందరికైనా అక్కరకు వస్తుందని ఆశ.

2022 జూన్‌లో బడులు తెరిచిన రోజులు. దాదరుకు ఆనుకొని ఉన్న నాయగావ్‌లోని ఒక చాల్ నుండి ఒక తల్లి ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. వాళ్ల పెద్దలు తెలంగాణ నుండి వచ్చి కామాఠీపురాలో స్థిరపడినవారు. పిల్లవాడు నా ముఖం చూడలేదు, పేరు అడిగితే పలకలేదు. కాని లోకల్ బండిలో వినిపించే ప్రకటనను మాత్రం మూడు భాషలలోనూ పొల్లుపోకుండా అప్పగించాడు: "పుఢీల్ స్టేషన్ దాదర్, అగ్లా స్టేషన్ దాదర్, నెక్స్ట్ స్టేషన్ దాదర్."

"టీచర్, వీనికి ఆటిజం అన్నరు. ఇంట్ల తెలుగు బంద్ చెయ్యిమన్నరు. ఒక్కటే భాష ఉండాలంట, ఇంగ్లీషు గాని హిందీ గాని. మీరేమంటరు?" అని ఆమె అడిగింది.

ఇన్నేళ్లుగా తెలుగు చెబుతున్న నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "చెప్పినవారు చదువుకొన్నవారు గదమ్మా, అలాగే చెయ్యి" అన్నాను. పిల్లవాణ్ణి ఇంకో బడిలో చేర్చడానికి దారి కూడా నేనే చూపించాను.

ఏడాదిన్నర గడిచింది. 2023 డిసెంబరులో దాదర్ స్టేషనులో ప్లాట్‌ఫారాల నంబర్లు మార్చారు. పశ్చిమ రైల్వే వైపు 1 నుండి 7 వరకు అలాగే ఉంచి, మధ్య రైల్వే వైపు 8 నుండి 14 వరకు కొత్త నంబర్లు వేశారు. మధ్య రైల్వే ఒకటవ నంబరు ఎనిమిదవ నంబరైంది. మనవంటివారం రెండు రోజులు తికమకపడి సర్దుకొన్నాము. ఆ వారంలోనే ఒక సాయంత్రం మెట్ల దగ్గర జనం గుమిగూడి ఉంటే చూశాను. ఈ పిల్లవాడే నేల మీద పడి చెవులు మూసుకొని ఏడుస్తున్నాడు. తనకు తెలిసిన చోట తనకు తెలియని అంకె ఉన్నది. "పెంపకం సరిగా లేదు" అని ఎవరో అన్నారు. తల్లి తల వంచుకొని పక్కన కూర్చొని ఉన్నది, ఒక్క మాట కూడా అనడం లేదు.

"వానితో ఏదైనా మాట్లాడమ్మా" అన్నాను.

"ఏం మాట్లాడాలె టీచర్? ఇంగ్లీషు రాదు. హిందీ బజార్ల బేరమాడెటంత వస్తది. తెలుగు వద్దన్నరు. అన్నం పెడ్త, నీళ్లు పోస్త, ఊకుంట."

ఆ "ఊకుంట" అన్న మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మాట రావడం కష్టమైన బిడ్డకు, మాట్లాడే తల్లిని కూడా దూరం చేశాము. అందులో నా పాలు కూడా ఉన్నది.

ఆ తరువాతే నేను చదవడం మొదలుపెట్టాను. ఆటిజం అనేది వ్యాధి కాదు, మెదడు ఎదుగుదలలో పుట్టుకతో ఉండే తేడా. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను గురించి వ్రాసిన వ్యాసంతో దీనికి గుర్తింపు వచ్చింది. తల్లి ప్రేమ చాలక ఇలా అవుతుందని కొంతకాలం వైద్యులే నిందించారు. అది తప్పని తేలి దశాబ్దాలైనా, మెట్ల మీది జనానికి ఇంకా తెలియదు. రెండు భాషలు వింటే ఈ పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందన్నది మరో అపోహ. 2012లో ప్రచురితమైన కెనడా అధ్యయనంలో, ఒకే భాష విన్న పిల్లలకంటె రెండు భాషలు విన్న పిల్లలు భాషలో వెనుకబడినట్లు కనబడలేదు. ఆ తరువాతి పరిశోధనలు కూడా ఇంటి భాషను మాన్పించనక్కర లేదనే చెబుతున్నాయి.

నాకు ఎక్కువ ధైర్యమిచ్చినది మరొకటి. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను జరిగిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరు నెలలలో పన్నెండు పర్యాయాలు, నిపుణులు కాని స్థానిక కార్యకర్తలు తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ దేనిని చూస్తున్నాడో గమనించి దానికి తగిన మాట అనడం, జవాబు కోసం ఆగడం వంటివి నేర్పారు. తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు, బిడ్డ తానుగా తల్లిదండ్రులను పలకరించడం, రెండూ మెరుగుపడ్డాయి. ఈ పనికి తల్లికి బాగా వచ్చిన భాషకంటె మించిన సాధనం ఏముంటుంది?

ఇక తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉపయోగపడేవి చెబుతాను.

పదహారు నుండి ముప్పై నెలల లోపు పిల్లలకు 'ఎం-చాట్' అనే ఇరవై ప్రశ్నల పట్టిక ఉన్నది. అది నిర్ధారణ కాదు, డాక్టరుకు చూపించాలో వద్దో తెలుపుతుంది. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన సికింద్రాబాదులోని జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.) నలభై అంశాల కొలమానం తయారుచేసింది. 2016లో కేంద్ర ప్రభుత్వం దానిని ధ్రువపత్రాలకు ప్రాతిపదికగా ప్రకటించింది. అందులో తల్లిదండ్రులు చెప్పే విషయాలు ముఖ్యం కనుక, భాష సరిగా రాదనుకొనే తల్లి వెంట తెలుగు తెలిసినవారు ఒకరు వెళ్లడం మంచిది. ఆ పని మనము చేయవచ్చు.

ముంబయిలో 2001 నుండి 'ఉమ్మీద్' బాలల అభివృద్ధి కేంద్రం పనిచేస్తున్నది. 'ఫోరమ్ ఫర్ ఆటిజం' తల్లిదండ్రులే నడుపుకొనే సంఘం. మాటలు రాని పిల్లలు బొమ్మలను తాకి తమ కోరిక తెలుపుకోవడానికి ఐఐటి బొంబాయివారు 'జెల్లో' అనే ఉచిత సాధనాన్ని పలు భారతీయ భాషలలో రూపొందించారు.

చట్టాల సంగతి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేర్కొన్నది. ఆ ట్రస్టు 'నిరామయ' పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవైయొక్క వైకల్యాలలో ఆటిజం ఒకటి. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గాని, ప్రత్యేక బడిలో గాని ఉచిత విద్య హక్కు. అదే చట్టంలో పరీక్షలకు అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు కల్పించాలని ఉన్నది. గమనించండి, మినహాయింపు రెండవ, మూడవ భాషలకే. తెలుగు మాధ్యమపు బడిలో మొదటి భాష తెలుగే. భాషల బరువు తగ్గించాలంటే ముందుగా తీసివేయవలసినది తల్లి భాష కాదు.

ఆ పిల్లవాడి విషయంలో మేము చేసినది చాలా చిన్న పని. స్టేషను ఫొటోలు నాలుగు అట్టముక్కల మీద అతికించాము. పాత అంకె, బాణం గుర్తు, కొత్త అంకె, బండి. ఇంటి నుండి బయలుదేరే ముందు తల్లి ఒక్కొక్క అట్ట చూపిస్తూ, "ఒకటి పోయింది, ఎనిమిది అచ్చింది. మన బండి ఇక్కడనే" అని తన తెలుగులోనే చెప్పేది. మూడు వారాలకు వాడు ఏడవకుండా మెట్లు దిగాడు. తరగతిలోనూ ఇదే పద్ధతి. గంట మారబోతున్నదని ముందే బొమ్మతో చూపడం, ఒకసారికి ఒక్క మాటే చెప్పడం, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు జవాబు కోసం ఆగడం.

వాడికి మాటలు ఇప్పటికీ తక్కువే. అద్భుతాలేవీ జరగలేదు. కాని కిందటి శ్రావణంలో దాదర్ పూలబజారుకు తల్లితో వచ్చినప్పుడు ప్రకటన వల్లిస్తూ మూడు భాషలు కాగానే ఆగి, "తర్వాత స్టేషన్ దాదర్" అన్నాడు. నేర్పినదెవరని తల్లిని అడిగాను. "ఎవ్వరు నేర్పలే టీచర్. నేను ఇంట్ల అంటుంట" అన్నది.

మిత్రులారా, ఇటువంటి తల్లి మీ దగ్గరకు వచ్చి ఇంట్లో ఏ భాష మాట్లాడాలని అడిగితే, నావలె తొందరపడి జవాబు చెప్పకండి. ఆమెకు ఏ భాష బాగా వచ్చునో ముందు అడగండి.