స్కాన్‌లో పడని నొప్పి

ఏళ్ళ తరబడి తలనొప్పితో తిరిగినవాళ్ళను గుమ్మం దగ్గరే గుర్తుపట్టవచ్చు. చేతిలో స్కానింగ్ సెంటరు పేరు అచ్చేసిన పొడుగాటి సంచి ఉంటుంది. అందులో మెదడు ఎమ్మారై, సైనసుల సీటీ, మెడ ఎక్స్‌రే, రెండు మూడు కళ్ళజోళ్ళ చీటీలు. కూర్చోకముందే దాన్ని బల్లమీద పెట్టి, "అన్నీ నార్మలే అన్నారండీ" అంటారు. గడ్డ లేదని తేలినందుకు ఊపిరి పీల్చుకోవలసిన మనిషి పరీక్ష తప్పినవాడిలా దిగాలుగా ఉంటాడు. ఫిల్ములో ఏమీ కనపడలేదంటే, ఇంట్లోవాళ్ళ లెక్కలో నొప్పి కూడా లేనట్టే మరి.

నిజానికి మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి పట్టేవి దాని చుట్టూ ఉన్న పొరలు, రక్తనాళాలు, వాటికి సంబంధించిన ట్రైజెమినల్ నరం. ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. మైగ్రేన్ ఆకారంలో వచ్చిన లోపం కాదు, ఆ నరం పనితీరులో వచ్చే అలజడి. కాబట్టి స్కాన్ నార్మల్ అంటే తేలింది ఒక్కటే: కణితి, రక్తస్రావం లాంటివి లేవని. నొప్పి ఎందుకొస్తోందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. అందుకే నేను సంచి పక్కన పెట్టి ముందు మూడు సంగతులు అడుగుతాను: ఎప్పుడు మొదలైంది, నెలలో ఎన్ని రోజులు, ఏం మింగుతున్నారు.

మూడో ప్రశ్నకు నిజమైన జవాబు రాబట్టడం చాలా కష్టం. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో కిరాణా కొట్టు నడిపే ఆవిడ వచ్చింది. నలభై దాటాయి. పెళ్ళికి ముందునుంచీ నెలకు రెండు మూడుసార్లు ఒక పక్క నొప్పి, వాంతి, చీకటి గదిలో పడుకుంటే తగ్గడం. కొన్నేళ్ళుగా మాత్రం రోజూ నొప్పితోనే నిద్ర లేస్తోంది. ముక్కు దిబ్బడ, కంట్లో నీళ్ళు ఉన్నాయని సైనసుకు ఆపరేషన్ కూడా చేయించారు. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్ళు చెమరుస్తాయి. సైనసు తలనొప్పి అనుకుని తిరిగేవాళ్ళలో చాలామందికి ఉన్నది మైగ్రేనే.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?"

"ఏమీ వాడట్లేదండీ."

పక్కనున్న కొడుకు ఊరుకోలేదు. "రోజూ బిళ్ళ వేసుకుంటావు కదమ్మా!"

"అది మందేంట్రా, తలనొప్పి బిళ్ళ."

బిళ్ళల అట్టలు కొట్లోనే, బిస్కెట్ సీసాల పక్కన. పారాసిటమాల్‌తో కెఫీన్ కలిసిన రకం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి, బేరాలు ఎక్కువైతే సాయంత్రం ఇంకొకటి. మన ఇళ్ళలో తలనొప్పికి వాడేది ఏదీ మందుల లెక్కలోకి రాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నాటినుంచీ అది ఇంటి సరుకే. నుదుటికి బామ్ ఎంత రాసినా నాకు పేచీ లేదు. బిళ్ళ సంగతి వేరు. తలనొప్పి తత్వం ఉన్నవాళ్ళు మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కెఫీన్ వంటివి కలిసిన మాత్రలైతే 10 రోజులు, అలా మూడు నెలలకు పైగా వాడితే నొప్పి రోజువారీ అయిపోతుంది. చిత్రమేమిటంటే, మోకాళ్ళ నొప్పులకు అవే మాత్రలు ఏళ్ళకేళ్ళు మింగినా, తలనొప్పి తత్వం లేనివాళ్ళకు సాధారణంగా ఈ బాధ రాదు.

"అయితే ఇన్నాళ్ళూ నా బిళ్ళే నాకు నొప్పి తెచ్చిందాండీ?" అని అడిగింది. నొప్పి వల్ల బిళ్ళలు పెరిగాయా, బిళ్ళల వల్ల నొప్పి పెరిగిందా అని నిపుణులే ఇంకా వాదించుకుంటున్నారు. తప్పు ఆవిడ మీదికి నెట్టడం వల్ల ఒరిగేదీ లేదు. ఆపితే మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుందని, వాంతులు రావచ్చని, నిద్ర పట్టకపోవచ్చని ముందే చెప్పాను. ఇది చెప్పకుండా ఆపమంటే మూడో రోజుకే మళ్ళీ అట్ట చింపుతారు. "శ్రావణమాసం బేరాలు అయ్యాక ఆపుతాను" అంది. సరేనన్నాను. రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశాను. వెంకట్రామా క్యాలెండరులో పాల లెక్క రాసే గడిలోనే నొప్పి వచ్చిన రోజున అడ్డగీత, బిళ్ళ వేసుకున్న రోజున చుక్క పెట్టమన్నాను.

దసరా దాటాక క్యాలెండరు కాగితాలు పట్టుకొచ్చింది. చుక్కలు దాదాపు లేవు. అడ్డగీతలు నెలకు నాలుగైదుకు దిగాయి, అందులో ఎక్కువ శుక్రవారాల గడుల్లో. శుక్రవారం తలంటు పోసుకుంటుంది. తలస్నానం మైగ్రేన్‌ను రేపుతుందని 94 మంది భారతీయ రోగులలో గమనించి డాక్టర్ కె. రవిశంకర్ 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. మేం చదువుకున్న విదేశీ పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఉండేది కాదు. మన అమ్మమ్మలు మాత్రం తడితల ఆరకపోతే తలనొప్పి వస్తుందని చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆవిడ ఏదైనా తిన్నాకే తలంటు పోసుకుంటుంది, వెంటనే జుట్టు ఆరబెట్టుకుంటుంది. శుక్రవారం మానమంటే వినే మనిషి కాదు.

రెండో సంచి హాస్టల్లో ఉండి బీటెక్ చదివే అమ్మాయిది. ఎమ్మారై నార్మల్, కాబట్టి చదువుల టెన్షన్ అని తేల్చేశారు. వంగితే ఏమవుతుందని అడిగాను. షూ లేసు కట్టుకుంటుంటే కొన్ని క్షణాలు కళ్ళు పూర్తిగా చీకట్లు కమ్ముతున్నాయట. రాత్రి పడుకుంటే చెవిలో గుండె కొట్టుకున్నట్టే హోరు. ఏడాదిలో బాగా లావెక్కింది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతోంది. ఆఫ్తాల్మోస్కోప్‌తో చూస్తే రెండు కళ్ళలోనూ నరం వాచి, అంచులు చెరిగిపోయి ఉన్నాయి. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టలేదని వీనోగ్రామ్‌తో తేల్చుకుని, నడుములోంచి నీరు తీసి ఒత్తిడి కొలిపించాను. 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ. ఆ అమ్మాయికి అంతకన్నా చాలా పైనే ఉంది. ఇది టెన్షన్ కాదు, తలలో నీటి ఒత్తిడి. ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేస్తే పోయేది చూపు. మొటిమల మాత్ర ఆపి, అసిటజోలమైడ్ మొదలుపెట్టి, బరువు తగ్గించే ఏర్పాటు చేశాం. కళ్ళ డాక్టరు నెలనెలా చూపు పరిధి పరీక్షించారు. వాపు తీసింది.

కంట్లోకి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు, దానికి బిల్లు కూడా రాదు. అందుకేనేమో మా వృత్తిలో స్కాన్ చీటీ ముందుకొచ్చి, ఆ పరికరం సొరుగులోకి పోయింది.

అదే రోజు ఆసుపత్రికి రావలసిన తలనొప్పులు కొన్ని ఉన్నాయి. నిమిషంలోపే భరించలేనంతగా ముదిరే నొప్పి. జ్వరంతో, మెడ బిగుసుకుని వచ్చేది. బాలింతకు కొత్తగా వచ్చేది, ముఖ్యంగా మంచినీళ్ళు ఎక్కువ తాగనివ్వని పట్టింపు ఉన్న ఇళ్ళలో. యాభై దాటాక కొత్తగా మొదలై, దువ్వెన తగిలినా, అన్నం నమిలినా బాధ పెట్టేది. కణతల దగ్గర రక్తనాళం వాచే ఈ జబ్బు మన దగ్గర అరుదే, కానీ స్టెరాయిడ్ ఆలస్యమైతే కళ్ళు పోతాయి.

ఇక దేనికీ దొరకని నొప్పి ఒకటుంది. ఒక ఆర్టీసీ కండక్టరుకు ఉగాది మర్నాడు పొద్దున, డ్యూటీలో ఉండగా మొదలైంది. ఆ రోజునుంచీ ఒక్క గంట కూడా వదల్లేదు. ఇలా మొదలైన రోజు గుర్తుండిపోయే, ఒక్క రోజులోనే స్థిరపడిపోయే నొప్పిని 1986లో వానాస్ట్ అనే వైద్యుడు వర్ణించాడు. న్యూ డైలీ పెర్సిస్టెంట్ హెడేక్ అంటారు. కొందరికి వైరల్ జ్వరం తర్వాత వస్తుంది. చాలామందికి ఏ కారణమూ కనపడదు. ఇతనికి చేయవలసిన పరీక్షలన్నీ అయ్యాయి, నడుము నీరుతో సహా. పెళ్ళాం గొలుసు తాకట్టులో ఉంది. "నయం కాకపోయినా ఫర్వాలేదు సార్, ఎందుకో చెప్పండి చాలు" అన్నాడు.

ఎందుకో చెప్పలేనని, ఏవి కావో మాత్రం గట్టిగా చెప్పగలనని అన్నాను. ఒక ఒప్పందం చేసుకున్నాం. చూపు తగ్గినా, చెయ్యో కాలో పట్టుతప్పినా, నొప్పి తీరు మారినా తప్ప ఇక స్కాన్లు లేవు. హైదరాబాద్ వెళ్ళి ఇంకొకటి తీయించుకుందామన్న బావమరిదికి కూడా అదే చెప్పమన్నాను. మందులు ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోదానికి రెండు మూడు నెలల గడువు. మొదటి రెండూ పని చేయలేదు. మూడోదానితో నొప్పి పదికి ఎనిమిది నుంచి అయిదుకు వచ్చింది. అయిదు మీద మనిషి బస్సులో టిక్కెట్లు కొట్టగలడు, కానీ పల్లెలో బస్సులోనే పడుకునే నైట్ హాల్ట్ డ్యూటీ చేసిన మర్నాడు మళ్ళీ ఎనిమిదికి పోతోంది. పగటి సర్వీసు ఇవ్వమని ఉత్తరం రాసిచ్చాను.

డిపో నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "ఇంత పొడుగు పేరు రాశారు, ఇది తలనొప్పేనా సార్?"

"తలనొప్పే."

"తలనొప్పికి డ్యూటీ ఎలా మారుస్తాం సార్?"

రెండో ఉత్తరంలో జబ్బు పేరు కింద నైట్ హాల్ట్ చేసిన తేదీలూ, మర్నాడు నొప్పి ఎంత ఉందో అతను క్యాలెండరులో వేసుకున్న అంకెలూ వరసగా దింపి, సంతకం పెట్టి ముద్ర కొట్టాను. పై నెలనుంచి గుంటూరు–విజయవాడ పగటి సర్వీసు వేశారు.