దగ్గు, శైలికలు, మామిడి తాండ్ర

శైలికల గురించి రాసేవాళ్లు ఎందుకో ఆర్కెస్ట్రా పోలిక తెస్తారు. నాకది నచ్చదు. ఆర్కెస్ట్రాకి కండక్టర్ ఉంటాడు. మన శ్వాసనాళం లోపలి పొరలో ఒక్కో శైలిక కణానికి దాదాపు 200 శైలికలు. సెకనుకి పదిసార్లకు అటూ ఇటూగా కొట్టుకుంటూ, దుమ్ము పట్టిన జిగురుని గొంతు వైపు నెడుతుంటాయి. వాటికి కండక్టర్ లేడు. సర్వర్లతో బతికే నాకు వెంటనే వచ్చిన సందేహం: మరి టైమింగ్ ఎవరిస్తున్నారు?

జవాబులో చాలా భాగం చుట్టూ ఉన్న ద్రవంలోనే ఉంది.

ఈ శైలిక పొడవు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అంత చిన్నదానికి నీళ్లు నీళ్లలా ఉండవు. నూజివీడు దగ్గర మా ఇంట్లో ఎండాకాలం తాండ్ర కోసం రసం చాప మీద పోస్తారు. కాస్త చిక్కబడ్డాక వేలు పెట్టి కదిపితే పక్కనున్నదీ కదులుతుంది, వేలు ఆపగానే అంతా ఆగిపోతుంది. శైలిక ఉండే లోకం అలాంటిది. ఊపు మీద జారడం ఉండదు. వెళ్లిన తీరులోనే వెనక్కొస్తే చేసిన పనంతా రద్దు. ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ఆల్చిప్పని ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి రాశాడు (ఫిజిక్స్ రాని వాళ్లు కూడా సరదాగా చదవగల వ్యాసం). అందుకే శైలిక నిటారుగా లేచి నెడుతుంది, వంగి, కణానికి దగ్గరగా పాకుతూ వెనక్కొస్తుంది.

ఆ కదలిక ద్రవం గుండా పక్కదానికి తగులుతుంది. అది తన వేళ కొద్దిగా సర్దుకుంటుంది. దాన్ని చూసి ఇంకోటి. అలా వరసంతా ఒక అల. చిక్కటి ద్రవంలో పక్కపక్కనే అలలాడే రెండు పలచటి పొరలు ఒకే లయలో ఉంటే శక్తి తక్కువ ఖర్చవుతుందని జి. ఐ. టేలర్ 1951లోనే లెక్కగట్టాడు. గాలికి ఊగే వరిచేను గుర్తొస్తుంది గానీ, ఇక్కడ బయటి గాలి లేదు, ఆ గాలిని పుట్టించేదీ మొక్కలే. కొన్ని జీవుల్లో కణం లోపలి పోగులు కూడా లయ కుదురుస్తాయి, కాబట్టి క్రెడిటంతా ద్రవానికే ఇవ్వలేం.

ఇవన్నీ చదవడానికి కారణం నాన్న దగ్గు. 40 ఏళ్లుగా చుట్ట. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టేటప్పుడు ముక్కుకి తువ్వాలు, అదీ గుర్తుంటేనే. ఏళ్ల తరబడి పొగ తగిలితే శైలికలు పొట్టివైపోతాయి, జిగురు పెరిగి చిక్కబడుతుంది, అల తెగుతుంది. "దగ్గితే మంచిదేరా, కఫం పోద్ది" అంటాడు నాన్న. చిరాకేస్తుంది గానీ సగం నిజమే. శైలికలు వదిలేసిన పనిని దగ్గు చేస్తోంది.

మొన్న మే నెలలో చాప దగ్గర కూర్చోబెట్టి, రసంలో వేలు తిప్పుతూ మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "చెయ్యి తియ్, ఈగలు ముసురుతాయ్" అన్నాడు. ఆ సాయంత్రం చుట్ట వెలిగించలేదు. మర్నాడు తోటకెళ్లేటప్పుడు వెలిగించాడు.