అంచు చెప్పిన మాట

1988లో ఢిల్లీ ఐ.ఐ.టి. సమీపాన ఉన్న బేర్ సరాయ్‌లో ఒక అద్దెగదిలో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకునేవాణ్ణి. మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళంతో మెసొపొటేమియా వెళ్ళిన మా తాతగారి వెండి పతకం నా పెట్టెలో భద్రంగా ఉండేది. ఒకవైపు ఐదవ జార్జి చక్రవర్తి శిరస్సు. మరొకవైపు గుర్రంపై యోధుడు, 1914, 1918 అన్న అంకెలు.

పతకాలు సేకరించే పొరుగింటి పెద్దాయన దానిని భూతద్దంతో పరీక్షించి, “అంకెలు కాదు, అంచు చూడు” అన్నారు. అసలు పతకాన్ని ఉక్కు అచ్చుతో ముద్రిస్తారు గనుక గీతలు పదునుగా ఉంటాయి. వ్యాసం 36 మిల్లీమీటర్లు. అంచు మీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. నా పతకం కొలతకు కొంచెం తక్కువ. అక్షరాల చుట్టూ సన్నని బుడిపెలు. అంచును ఆకురాయితో నున్నగా రుద్దారు, పేరు లేదు. అసలుదానికి మట్టి అచ్చు తీసి పోత పోస్తే, చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుందట. అంటే ఇది తరువాతి కాలపు నకలు.

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నాయనమ్మను అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

“మీ నాన్న కాలేజీ జీతం కట్టవలసిన రోజులు, నాయనా. అసలుది అమ్మేముందు కంసాలి చేత ఇది పోయించాను. మీ తాతగారు పెట్టె తెరిస్తే వెలితి కనబడకూడదని” అన్నది.

ఆ పతకం నేటికీ నా వద్దనే ఉంది. చూసినవారికి అది నకలని దాచకుండా చెబుతాను. ఎవరు పోయించారో కూడా చెబుతాను.