బెల్టు సరే, బోల్టు సంగతేంటి?

మన రోడ్ల మీద సీటు బెల్టు అంటే పోలీసుకి చూపించే వస్తువు. చెక్‌పోస్టు కనపడగానే భుజం మీదికొస్తుంది, దాటగానే వెనక్కి పోతుంది. కొందరైతే ఆ మాత్రం శ్రమ కూడా పడరు. అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చడానికి ఒట్టి క్లిప్పు ఒకటి కొనుక్కుంటారు. ఇవి ఆన్‌లైన్‌లో ఎంత జోరుగా దొరికేవంటే, 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకి ఆదేశాలిస్తే మొత్తం 13,118 లిస్టింగులు తీసెయ్యాల్సి వచ్చింది. మన ప్రాణం కాపాడే వస్తువుని మనమే మోసం చెయ్యడానికి పదమూడు వేల లిస్టింగులు!

అయితే నేను "బెల్టు పెట్టుకోండి బాబూ" అని చెప్పడానికి కూర్చోలేదు. అది అందరికీ తెలిసిందే, ఎవరూ వినరన్నదీ తెలిసిందే :) నేను చెప్పదలుచుకున్నది దానికి ఒక మెట్టు కింద ఉన్న సంగతి. ఆ బెల్టు ఎక్కడ బిగించారు? ఒంటి మీద ఎక్కడ ఆనుతోంది? ఎంత వదులుగా ఉంది? ఇవి తేడాగా ఉంటే బెల్టు ఉండీ పెద్ద ప్రయోజనం లేదు. ఒక్కోసారి ఆ బెల్టే దెబ్బ కొడుతుంది.

ఇది నాకు తెలిసింది కాలేజీలో, ఒక పాత రేసు బండిని విప్పి మళ్ళీ కట్టేటప్పుడు. (అవును, మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. నవ్వకండి.) మెకానికల్ వాళ్ళకి బాహా గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం: ఎస్.ఏ.ఈ. ఇండియా 2007 నుంచి నడుపుతున్న పోటీ. స్టూడెంట్లే ఒంటి సీటు బండి డిజైన్ చేసి, కట్టి, ఇండోర్ దగ్గర పితంపూర్ తీసుకెళ్ళి గుట్టల్లో, గుంతల్లో నడపాలి. మాది తిరుపతి చుట్టుపక్కల ఉన్న బోలెడు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటి. పోటీకి కొత్త బండి తయారయ్యేలోపు డ్రైవర్ చెయ్యి తిరగడానికి ఒక బండి కావాలి కదా. షెడ్డులో సీనియర్లు వదిలేసిన బండి తుప్పు పట్టి ఉంది. దాన్ని విప్పి బాగుచేద్దాం అనుకున్నాం. నా వంతుకి వచ్చింది సీటు, బెల్టులు. ఇంజన్, సస్పెన్షన్ లాంటి గ్లామర్ పనులు వేరేవాళ్ళు తన్నుకుపోయారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. పోటీకి వెళ్ళే బండిని ఇన్‌స్పెక్టర్లు టేపు పెట్టి మరీ కొలుస్తారు. ఈ ప్రాక్టీసు బండిని ఎవరూ చూడరు. మా టీములోనే ఒకడు "ఎవరు చూస్తారులేబ్బా, రెండు తాళ్ళేసి బిగిచ్చెయ్" అన్నాడు. డ్రైవర్ నా రూమ్మేటు. వాడు మాత్రం ఆ మాట అనలేదు.

విప్పి చూస్తే, సీనియర్లు భుజం బెల్టుల్ని సీటు వెనక నుంచి కిందికి దించి ఫ్లోర్ దగ్గర పైపుకి కట్టి ఉన్నారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. కానీ ఆలోచించండి. గుద్దుకున్నప్పుడు ఒళ్ళు ముందుకి పోతుంది, బెల్టు లాగుతుంది. బెల్టు వెనక్కి లాగితే సరే. కిందికి లాగితే? భుజాల మీద టన్ను బరువు పెట్టి నొక్కినట్టు ఆ బలమంతా వెన్నెముక మీద పడుతుంది. అందుకే బాహా రూల్‌బుక్కు భుజం బెల్టు బిగించే చోటు భుజం ఎత్తు కంటే పైన ఉండకూడదు, నాలుగంగుళాల కంటే కిందా ఉండకూడదు అంటుంది. మేము రూమ్మేటుని సీట్లో కూర్చోబెట్టి, వాడి భుజానికి సుద్దముక్కతో గీత గీసి, ఆ ఎత్తులో వెనక ఒక అడ్డపైపు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ షాపు అన్న మమ్మల్ని ఎగాదిగా చూసి "ఏమప్పా, పశువుల పండక్కి ఎద్దు కొమ్ములకి పలక కట్టినట్టు కడతా ఉండారే" అన్నాడు. నిజమే, చంద్రగిరి వైపు పలక ఊడిపోకుండా కట్టడంలో ఎంత నేర్పు ఉందో ఆయనకి తెలుసు మరి.

తరవాత నడుం బెల్టు. నడుం బెల్టు అంటాం గానీ నిజానికి అది నడుముకి కాదు, దాని కింద ఉన్న కటి ఎముకకి ఆనాలి. కాస్త పైకి జరిగి పొట్ట మీదికొచ్చిందంటే ఎముకకి బదులు పేగులు ఆపాలి. భుజం బెల్టులు పైకి లాగితే ఇదే జరుగుతుంది. దాన్ని కిందికి పట్టి ఉంచడానికే రేసు బండ్లలో కాళ్ళ మధ్య నుంచి ఇంకో పట్టీ ఉంటుంది. చూసి నవ్వుతారు గానీ, మనిషి బెల్టు కిందనుంచి జారిపోకుండా ఆపేది అదే. ఇక అడ్జస్టర్. మూడు కడ్డీల బకిల్‌లోంచి బెల్టుని లాగాక దాన్ని తిప్పి మళ్ళీ ఒకసారి దూర్చాలి. ఆ రెండో దూర్పు లేకపోతే బరువు పడ్డప్పుడు మెల్లగా జారిపోతుంది. పాత బెల్టులేమో ఎండకి పాలిపోయి అంచులు పీచు లేచాయి. వాటిని పారేసి అందరం డబ్బులు పోగేసి కొత్తవి తెప్పించాం. రేసు బెల్టులకి మందుల సీసాలా తేదీ ఉంటుంది. అమెరికాలో ఎస్.ఎఫ్.ఐ. ముద్ర ఉన్నవాటికి రెండేళ్ళు, ఎఫ్.ఐ.ఏ. ముద్ర ఉన్నవాటికి ఐదేళ్ళు.

ఇదంతా అతి అనిపిస్తే ఒక చిన్న లెక్క. అందరం ఇంజినీర్లమే కదా. 70 కిలోల మనిషి గంటకి 54 కి.మీ. వేగంతో వెళ్తున్నాడు, అంటే సెకనుకి 15 మీటర్లు. గతిజశక్తి సుమారు 7,900 జౌళ్ళు. కారు ముందు భాగం నలిగి అర మీటరులో ఆగింది. బెల్టు బిగుతుగా ఉంటే మనిషీ ఆ అర మీటరులో ఆగుతాడు. సగటున 1,600 కిలోల బరువు మీద పడ్డట్టు. బెల్టు లేకపోతే కారు ఆగినా మనిషి ఆగడు, వెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకుని ఏ ఐదు సెంటీమీటర్లలోనో ఆగుతాడు. అప్పుడు 16,000 కిలోలు. బెల్టు వదులుగా ఉంటే ఆ అర మీటరులో కొంత వృథా అయిపోతుంది. ఇంతకీ ఆ 1,600 కిలోలు చివరికి మోసేది ఎవరు? బోల్టులు. అందుకే రేకుకి బిగిస్తే లాభం లేదు, పైపుకే బిగించాలి.

ఆ వేసవిలో ఎండిపోయిన ఒక చెరువులో ప్రాక్టీసు పెట్టుకున్నాం. నేల గట్టిగా, చదునుగా ఉంటుంది, అడ్డొచ్చే మనుషులుండరు. అమెరికావాళ్ళు బోన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడు రికార్డుల కోసం కార్లు తోలేది కూడా ఇందుకే. మూడో రోజు మలుపులో ముందు చక్రం స్టీరింగ్ రాడ్డు విరిగింది. బండి ఒకటిన్నర పల్టీ కొట్టి తలకిందులుగా ఆగింది. మేము పరిగెత్తి వెళ్ళేసరికి రూమ్మేటు బెల్టుల్లో గబ్బిలంలా వేలాడుతున్నాడు. ఒక చెయ్యి పైకప్పు పైపుకి ఆనించి, రెండో చేత్తో బకిల్ నొక్కి, దిగి, బయటికి పాక్కుంటూ వచ్చాడు. ఐదు సెకన్లలో బయటపడాలన్నది బాహా నియమం. అంతకు ముందు పదిసార్లు ప్రాక్టీసు చేయించాం. రెండు భుజాల మీదా వారం రోజులు బెల్టు మచ్చలున్నాయి, అంతే. ఆ రోజు అక్కడ ఏ ఇన్‌స్పెక్టరూ లేడు.

రేసుల ప్రపంచం ఈ పాఠం చాలా ఖరీదుకి నేర్చుకుంది. 1954 డిసెంబరులో జాన్ స్టాప్ అనే అమెరికన్ వైమానిక దళ డాక్టరు రాకెట్ బండి మీద తనని తాను కట్టుకుని గంటకి 632 మైళ్ళ వేగం నుంచి ఒకటిన్నర సెకను లోపు ఆగాడు. 46.2 జీ. సరిగ్గా కట్టుకుంటే మనిషి ఎంత తట్టుకోగలడో ఆయన నిరూపించాడు. కానీ 2001 ఫిబ్రవరిలో డేటోనాలో చనిపోయిన డేల్ ఎర్న్‌హార్ట్ బెల్టులు పెట్టుకునే ఉన్నాడు. తల ముందుకి విసురుకుపోకుండా పట్టే హాన్స్ పరికరం అప్పటికే ఉంది, ఆయన వాడలేదు. నడుం బెల్టేమో తెగిపోయి కనపడింది. అడ్జస్టర్‌లో ఒక మూలకి పోగుపడి తెగిందని నాస్కార్ నివేదిక. అంత పెద్ద రేసర్‌కే, అదీ అడ్జస్టర్ దగ్గర!

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మా చిన్నాయన తిరుపతిలో ట్యాక్సీ తోలతాడు. కాణిపాకం, కాళహస్తి, రేణిగుంట ఎయిర్‌పోర్టు, కొండ. పోయినేడు కొత్త సీటు కవర్లు వేయించాడు, చాలా అందంగా ఉన్నాయి. వెనక సీటు బకిల్స్ మాత్రం కవర్ల కింద సమాధి అయిపోయాయి. షాపువాణ్ణి అడిగితే "అందరూ అట్లే వేయించుకుంటారు సార్" అన్నాడు. నేను బ్లేడుతో కోసి మూడూ బయటికి తీశాను. ఇప్పుడు చిన్నాయన ప్యాసింజర్లకి బెల్టు పెట్టుకోమని చెప్తున్నాడు. ఒకాయన "స్వామే చూసుకుంటాడులే" అన్నాడట. "స్వామి చూసుకునేదానికే ఇది పెట్టినాడు సార్" అన్నాడట మా చిన్నాయన.

2014 ఏప్రిల్‌లో ఆళ్ళగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి, 2018 ఆగస్టులో నల్గొండ దగ్గర హరికృష్ణ... ఇద్దరూ బండిలోంచి బయటికి ఎగిరిపడినవాళ్ళే. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ఉన్నారు. ఆ ఒక్క ఏడాది బెల్టు పెట్టుకోక మన దేశంలో చనిపోయినవాళ్ళు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 8,331 మంది డ్రైవర్లు కారు, ప్యాసింజర్లు. వెనక సీటు సురక్షితం అని ఎవరు చెప్పారో గానీ, వెనక బెల్టు లేకుండా కూర్చున్నవాడు ముందువాడి వీపు మీద పడే బరువు కూడా.

బెంగళూరు నుంచి మొగిలి ఘాటు మీదుగా ఊరెళ్ళే మిత్రులారా, ఈసారి ఒక్క పది నిమిషాలు కేటాయించండి. వెనక సీటు కవరు ఎత్తి బకిల్స్ ఉన్నాయో లేదో చూడండి. బెల్టు మొత్తం బయటికి లాగి అంచులు పీచు లేచాయేమో, మెలికలు పడిందేమో చూడండి. ఒక్కసారి గట్టిగా గుంజితే లాక్ అవ్వాలి. కింద పట్టీ అమ్మ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి, పై పట్టీ మెడకి కాకుండా భుజం మధ్యలో ఆనాలి. పాత సెకండ్‌హ్యాండ్ కారైతే బోల్టు బిగించిన చోట తుప్పుందేమో మెకానిక్ చేత చూపించండి. పిల్లల్ని ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. పై లెక్క వాళ్ళకీ వర్తిస్తుంది, ఆ బరువుని ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు.