ఎంత ఇచ్చి ఆడగలరు?

అటామిక్ చెస్‌లో బల్లా చదరంగానిదే, బలగమూ చదరంగానిదే. కాని ఏ పావు దేన్ని చంపినా అక్కడ పేలుడు జరుగుతుంది. చంపినదీ చచ్చినదీ రెండూ పోతాయి. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో బంట్లు తప్ప మిగతావన్నీ వాటితోపాటే పోతాయి. తెల్ల గుర్రం మొదటి ఎత్తుకు ఎఫ్3కి, రెండో ఎత్తుకు జీ5కి వచ్చిందనుకోండి. నల్లవైపు ఆడేవాడు ఏమరుపాటుగా ఉంటే, మూడో ఎత్తులో అది ఎఫ్7 బంటును కొడుతుంది, ఆ పక్కనే ఉన్న నల్ల రాజు ఎగిరిపోతాడు. ఆట అక్కడితో సరి. చదరంగంలో ఏళ్ల తరబడి ఆరితేరినవాడు కూడా ఈ గుర్రాన్ని చూసి బెదరడు, ఎందుకంటే అక్కడ దాన్ని రాజే చంపేస్తాడు. అందుకే ఒక ఆటలో సంపాదించిన రేటింగు పక్క ఆటలో చెల్లదు.

మరి ఇలాంటి చిన్న ఆటల్లో ఎవరి బలం ఎంతో తేల్చేదెలా? ఇదేదో తీరికవేళ లెక్క అని నేను అనుకోను. కొత్తగా వచ్చినవాడు తనకు అందనివాళ్లతో వరసగా ఓడిపోతే మళ్లీ రాడు. ఒకడు రాకపోతే చదరంగానికి ఏమీ కాదు. కొద్దిమందే ఆడే ఆటకు మాత్రం అది ప్రాణాంతకం.

హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో కట్టిన లెక్కను అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు నూటికి సుమారు 76 పాయింట్లు తెచ్చుకోవాలని ఆ లెక్క చెబుతుంది. లెక్క మంచిదే. కాని అందరూ అందరితో కలిసి ఆడుతూ ఉంటేనే అది నిలబడుతుంది. గుంపు మూసుకుపోతే ఏమవుతుందో క్లాడ్ బ్లడ్‌గుడ్ ఉదంతం చూపించింది. వర్జీనియా జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తూ, తోటి ఖైదీలతోనే ఆడి ఆడి 1990లలో 2702 దాకా వెళ్లాడు. ఆ అంకెను నమ్మితే అతను అమెరికా గ్రాండ్‌మాస్టర్లలో మేటివాళ్ల సరసన ఉండాలి. అతను కావాలని పెంచుకున్నాడా లేదా అన్నది వేరే సంగతి. చిన్న ఆటలన్నిటికీ ఆ జైలు గోడలే ఉన్నాయి.

1995లో గణాంకవేత్త మార్క్ గ్లిక్‌మన్ దీనికి కొంత మందు కనిపెట్టాడు. ఆయన గ్లికో పద్ధతిలో రేటింగుతోపాటు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే మరో అంకె ఉంటుంది. ఆ తరహా లెక్కే వాడే ఆన్‌లైన్ చదరంగ సైటు లిచెస్‌లో అటామిక్‌కూ, క్రేజీహౌస్‌కూ, మిగతా చదరంగ రకాలకూ దేని రేటింగు దానిదే. ప్రతిదీ 1500తో మొదలవుతుంది, నమ్మకం కుదిరేదాకా పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. ఆ ప్రశ్నార్థకం మీద నాకు ఎంతో గౌరవం. తెలియనిదాన్ని తెలియదని చెప్పే కొలత అది.

అయినా నా మనసు బలమైనవాడు కొంత ఇచ్చి ఆడే పాత పద్ధతి వైపే మొగ్గుతుంది. గో ఆటలో బలమైనవాడు ఎదుటివాణ్ణి ముందుగానే కొన్ని నల్లరాళ్లు పెట్టుకోనిస్తాడు. మామూలు ఆటగాళ్లలో ఒక్కో మెట్టు తేడాకు సుమారుగా ఒక రాయి, అలా తొమ్మిది వరకు. జపాన్ షోగీలో గట్టివాడు తన పావులనే తీసి పక్కన పెడతాడు. తేడా కొద్దిగా ఉంటే ఒక్క పావు, ఎక్కువైతే మన ఏనుగులా, శకటులా నడిచేవి రెండూ తీసేస్తాడు. ఎంత వదులుకుని కూడా సమఉజ్జీగా నిలబడ్డాడో అదే అతని బలం. దీనికి వేలమంది ఆటగాళ్లు అక్కర్లేదు, ఇద్దరు చాలు.

మన పులిజూదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి, అన్నీ దిగేదాకా దేన్నీ కదపకూడదు. రెండు పక్షాల పనే వేరు కాబట్టి ఒక్క ఆటలో పులులు నెగ్గితే అది ఆటగాడి గొప్పో పులుల గొప్పో చెప్పలేం. కాబట్టి పక్షాలు మార్చుకుని రెండు ఆటలు ఆడాలి, ఎవరి పులులు ఎన్ని మేకల్ని తిన్నాయో లెక్కపెట్టాలి. తేడా మరీ ఎక్కువైతే గట్టివాడు మేకల పక్షాన కూర్చుని ఒక మేకను తగ్గించుకోవాలి, తర్వాత ఇంకొకటి. పదమూడు మేకలతోనే ఎదుటివాడి పులుల్ని కట్టేయగలిగితే ఆ ఇద్దరి మధ్యా తేడా రెండు మేకలని పుస్తకంలో రాసుకోవచ్చు. మర్నాడు ఓడినవాడు బాగా ఆడితే ఒక మేకను వెనక్కి ఇచ్చేయవచ్చు.