ఎర్రచుక్క, ఫోలేటు, మన సుబ్బారావు గారు

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. లాగ్ ఫైల్లో ఎర్రక్షరాలు కనబడితే చాలు, అది ఉత్త వార్నింగా నిజం ఎర్రరా అని చూడకుండా ఫిక్స్ చెయ్యడానికి పరిగెడతాం. జీన్ టెస్టులు అమ్మే కంపెనీలకి మన ఈ బలహీనత బాగానే తెలిసినట్టుంది.

మా పెద్దమ్మకి నలభై నాలుగేళ్ళకే రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆపరేషనూ, కీమో అయ్యి ఇప్పుడు బాగానే ఉంది. ఆవిడ కూతురికి, అంటే మా అక్కకి, ముప్పై నాలుగు. ఆ భయంతోనే ఆన్‌లైన్లో కిట్ తెప్పించుకుని ఉమ్మి పంపింది. వచ్చిన రిపోర్టులో ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జీన్ పక్కన ఎర్రచుక్క, "రొమ్ము కాన్సర్ రిస్కు ఎక్కువ" అని ఒక లైను, ఆ కిందే వాళ్ళే అమ్మే బీ విటమిన్ల సీసా బొమ్మ! "ఒరేయ్, నువ్వు ఇలాంటివన్నీ చదువుతుంటావుగా, ఇవి మింగమంటావా?" అని ఫోను. నేను చదివింది బీటెక్కే అనుకోండి, అయినా వారం రోజులు కూర్చుని చదివాను.

విషయం ఏమిటంటే, కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏ మొత్తాన్నీ కాపీ చేసుకోవాలి. ఆ కాపీకి కావాల్సిన ముడిసరుకు తయారవ్వాలంటే ఫోలేటు ఉండాలి. అదే బీ9; తోటకూర, పాలకూర, శనగలు, పెసలు లాంటి వాటిలో ఉంటుంది. ఏ జీన్ పనిచెయ్యాలో ఏది పడుకోవాలో చెప్పే మిథైల్ గుర్తులకీ ఇదే కావాలి. కాపీ వైపు ఎంత, మిథైల్ వైపు ఎంత అన్నది తేల్చే కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఈ ఎంటీహెచ్ఎఫ్ఆర్ ఎంజైము. దీనికి బీ2 సాయం కావాలి, తర్వాతి మెట్టుకి బీ12. ఈ జీన్‌లో 677వ అక్షరం సీ బదులు టీ ఉంటే ఎంజైము నెమ్మదిస్తుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా టీయే వస్తే పని సుమారు 30 శాతానికి పడిపోతుంది. అక్కది ఆ టీటీయే.

2005లో న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్ ఆడవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో, సీసీ వాళ్ళతో పోలిస్తే టీటీ వాళ్ళలో రొమ్ము కాన్సర్ అవకాశం 1.37 రెట్లు కనిపించింది. తిండిలో ఫోలేటు బాగా తక్కువున్న వాళ్ళలో 1.83. ఎర్రచుక్క వెనకున్నది ఈ రకం లెక్కలే. తర్వాతి అధ్యయనాలు అన్నీ ఒకే మాట చెప్పలేదు.

సరే, మరి మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా? అమెరికాలో 5,442 మంది ఆడవాళ్ళని రెండుగా విడగొట్టి, సగం మందికి ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు ఏడేళ్ళ పైన ఇచ్చారు. 2008లో వచ్చిన ఫలితం: రొమ్ము కాన్సర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2013లో పదమూడు ట్రయల్స్, దాదాపు 50,000 మంది లెక్కలు కలిపి చూసినా అదే.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి మందుల్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది. విటమిన్ కదా, కాన్సర్ కణాలక్కూడా కాపీ చేసుకోవడానికి అదే కావాలి మరి! అప్పుడు ఫోలేటుకి అడ్డంపడే మందులు ఆ బృందం నుంచే వచ్చాయి. 1948లో ఫార్బర్ వాటితోనే పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని చూపించాడు. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ని 1970ల్లో రొమ్ము కాన్సర్ కీమోలోనూ వాడారు. "విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది" అనే వాళ్ళకి ఈ కథ చెప్తుంటాను :)

నాకు అసలు ఒళ్ళు మండిన సంగతి వేరే ఉంది. వాళ్ళమ్మకి చిన్న వయసులో రొమ్ము కాన్సర్ వచ్చిందంటే ముందు అడగాల్సింది బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జీన్ల గురించి. వాటిలో తేడా ఉన్న ఆడవాళ్ళకి ఎనభై ఏళ్ళు వచ్చేలోపు రొమ్ము కాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం. 1.37 రెట్లెక్కడ, ఇదెక్కడ! అక్క రిపోర్టులో వాటి ఊసే లేదు. వార్నింగుకి ఎర్రరంగు వేసి, సర్వర్ కూలిపోతుందేమో మాత్రం చూడలేదన్నమాట. పైగా ఈ టెస్టు వీలైతే ముందు జబ్బు వచ్చిన మనిషికే చెయ్యాలి, అంటే పెద్దమ్మకి. "అయిపోయిందాన్ని మళ్ళీ ఎందుకు తవ్వుతార్రా" అంటుంది ఆవిడ. కూతురికి తననుంచే వచ్చిందని తేలుతుందేమోనని ఆవిడ భయం. అది ఏ పేపర్లోనూ దొరకలేదు నాకు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరినీ కలిపి తీసుకెళ్ళాలని ఒప్పిస్తున్నాం.

ఇది చదివి ఎవరైనా గర్భం కోసం డాక్టరు రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపెయ్యకండి. బిడ్డ వెన్నుపాము లోపాలు దానివల్ల తగ్గుతాయని 1991లోనే గట్టిగా తేలింది, అది పూర్తిగా వేరే లెక్క. శాకాహారులు ముందు బీ12 చూపించుకోండి. అది తక్కువున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడి, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.